వంటింటి మిద్దె

“మధ్యాన్నానికి ఇంజినీరు సారొస్తాడు. బొమ్మిడాయిల పులుసు చెయ్యి. ఉత్త పప్పేసి పంపిస్తే బాగుండదు” అని చెప్పి, చేపల సంచి వంటింటి గడప మీద పెట్టి పెంచలకృష్ణ వెళ్లిపోయాడు.

బొమ్మిడాయిలు తినేవాళ్లకు పండగ, కడిగేవాళ్లకు శిక్ష. బూడిద, రాళ్లుప్పు చల్లి బండ మీద రుద్దాలి, కడగాలి, మళ్లీ రుద్దాలి. జిగురు పోయేసరికి వేళ్లు నాని ముడతలు పడతాయి. కామాక్షి బావి గట్టున పీట వేసుకుని ఆ పనిలోనే ఉంది. ఇరవై నాలుగేళ్లుగా రుద్దుతున్న చేతికి ఆలోచనతో పనిలేదు గనక, ఆలోచన దాని దారిన అది పోతోంది. వచ్చే పెద్దమనిషి ఇల్లంతా తిరిగి, ‘ఈ భవనం శిథిలావస్థలో ఉంది, కూల్చవచ్చు’ అని కాగితం రాసి సంతకం పెడతాడు. అది చేతికొస్తే ఆమె భర్త పెంచలకృష్ణా, గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసే అతని అన్న హజరత్తయ్యా ఇల్లు పడగొట్టించి స్థలాన్ని రొయ్యల మేత గోడౌనుకు ఇస్తారు. కాపురం అల్లూరులో అద్దె ఇంటికి మారుతుంది. ఇదంతా వాళ్లు మాట్లాడుకున్నారు. ఆమెతో కాదు, కాఫీ గ్లాసులు అందిస్తున్న ఆమె ఎదుట. ఇల్లు చచ్చిందని రాసిచ్చే మనిషికి ఆ ఇంట్లోనే విందు. దినం భోజనం ముందుగానే పెడుతున్నట్టుంది అనుకుంది కామాక్షి, చేప తోక విదిలిస్తూ. నవ్వు రాలేదు.

ఆ ఇంటిని ఊళ్లో పడవల మిద్దె అంటారు. ఉప్పు కాలువలో పడవలు మద్రాసు దాకా నడిచిన రోజుల్లో పెంచలకృష్ణ ముత్తాత ధాన్యమూ, ఉప్పూ, సర్వికట్టెలూ ఎగుమతి చేసి కట్టిన ఇల్లు. నూటముప్పై ఏళ్ల నాటిది. ముందు వసారా, నడిమి హాలు, అటూ ఇటూ గదులు, వెనకాల వంటిల్లు. గోడలన్నీ ఇటుకా సున్నం. పైన తాటి దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన ఇటుకలు, వాటి మీద సున్నం పోసి చెక్కలతో కొట్టిన మిద్దె. ఈ కథ పెంచలకృష్ణ ఎవరొచ్చినా చెబుతాడు. కాలువ వైపు చెయ్యి చాపి, “మా ముత్తాత పడవ దిగితే కాలు నేరుగా ఈ అరుగు మీదే” అంటాడు. బాగా చెబుతాడు కూడా, కాదనకూడదు. ఆ అరుగు రోజూ ఎవరు కడుగుతున్నారన్నది మాత్రం కథలోకి రాదు. పెళ్లయిన కొత్తలో కామాక్షి ఈ కథ మొదటిసారి విని, “మరి ముత్తవ్వ పేరేంది?” అని అడిగింది. ముత్తాత మీసాల కొలత తెలిసిన ఇంట్లో ఆ పేరు ఒక్కరికీ తెలియలేదు. “పేరెందుకులేమే ఇప్పుడు, పెద్దవ్వ అనేవాళ్లు” అని అత్త రాఘవమ్మ తేల్చేసింది.

రాఘవమ్మ మంచిదని చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. పని దగ్గర మాత్రం గట్టిది. గ్యాసు పొయ్యి వద్దని పదహారేళ్లు కోడలితో కట్టెల పొయ్యి ఊదించింది. కామాక్షి కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. “ఏందిమే, ఎప్పుడు చూసినా ఏడ్చిన మొహమేసుకోని ఉంటావు” అని పెంచలకృష్ణ విసుక్కునేవాడు. పొగ అని చెప్పినా వినేవాడు కాదు. మిద్దె పని నేర్పింది కూడా రాఘవమ్మే. వినాయకచవితి దాటాక, వానలు రాకముందు, మిద్దె ఎక్కి ఊడ్చాలి. పగుళ్లలో మొలిచిన రావి మొక్కల్ని వేళ్లతో సహా పీకాలి. కరక్కాయలు దంచి బెల్లంతో నానేసిన నీళ్లు సున్నంలో కలిపి పగుళ్లు పూడ్చి చెక్కతో కొట్టాలి. గుల్లలు కాల్చి చేసిన సున్నం పులికాటు పక్క పల్లె నుంచి మాలకొండమ్మ తెచ్చేది. ఆమె వయసులో ఉండగా ఈ చుట్టుపక్కల సగం మిద్దెలు కొట్టిన మనిషి. “మిద్దె పలికిందాకా కొట్టాల కామాక్షమ్మా. దబ్బు దబ్బు అన్నంతసేపూ అది పచ్చిదే. టంగుమని పలికిందా, ఇంక దాని జోలికి వాన రాదు” అనేది. “కోడలు కొట్టిన మిద్దె కారితే కోడలి కళ్లు కారతాయి” అని రాఘవమ్మ కింద నుంచి అందుకునేది.

పదేళ్ల కిందటి నవంబరు వానలకు ఇల్లు అక్కడక్కడా కారింది. పాత పద్ధతి అంటే చిరాకుపడే పెంచలకృష్ణ మేస్త్రీని పిలిచి మిద్దె మీద మూడంగుళాల సిమెంటు పోయించాడు. ఆ రోజు మేస్త్రీ, “వంటింటి మీద గూడా పొయ్యాల్నా?” అని అడిగాడు. “దానికెందుకు దండగ? ఆడోళ్లుండే చోటే గదా” అన్నాడు పెంచలకృష్ణ. కామాక్షి టీ పళ్లెం పట్టుకుని అక్కడే ఉంది. మేస్త్రీ ఒక గ్లాసు తీసుకున్నాడు, భర్త ఒక గ్లాసు తీసుకున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. సిమెంటు కోసం కాదు. ఆ ‘ఆడోళ్లు’ అన్న మాట అనడానికి అతను గొంతు కూడా తగ్గించలేదు, అందుకు. ఆ ఏడు కూడా ఆమె ఒక్కతే కరక్కాయలు నానేసి వంటింటి మిద్దె కొట్టుకుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ కొట్టుకుంది. “మోకాళ్లు నొప్పులంటావు, మళ్లా ఆ చాకిరీ ఎందుకుమే” అనేవాడతను. మోకాళ్లు నొప్పులనే మాట మాత్రం నిజమే.

పోతూ పోతూ రాఘవమ్మ ఒక పని చేసింది. ఇల్లు ఆమె పేరున ఉండేది. ఎప్పుడో ఏవో గొడవలొస్తాయని మామగారు భార్య పేరున పెట్టారు, పేరుకే. ఆమె దస్తావేజులు రాసే ఆయన్ని పిలిపించి ముందు భాగమంతా కొడుకులిద్దరికీ, వంటిల్లూ పెరడూ బావీ కామాక్షికీ రాయించింది. “పొయ్యెవురు ఊదితే వంటిల్లు వాళ్లది” అంది. కొడుకులు నవ్వుకున్నారు. పేరుకేలే, ఉండనీ అనుకున్నారు.

పన్నెండున్నరకు కారు వచ్చి ఆగింది. అందులోంచి ముప్పై ఏళ్లమ్మాయి దిగింది. భుజానికి సంచీ, చేతిలో చిన్న సుత్తి. పెంచలకృష్ణ ఆమె వెనక్కి తొంగిచూశాడు, సారు ఇంకా దిగలేదనుకుని. “నేనే సార్, బిందు. ఫోన్లో మీతో మాట్లాడింది మా ఆఫీసు అబ్బాయి” అందామె. పెంచలకృష్ణ సర్దుకోడానికి కాస్త సమయం పట్టింది.

తర్వాత జరిగింది తిరగేసిన పెళ్లిచూపుల్లాంటిది. పెళ్లికూతురిలో లోపాలన్నీ ఆమె తరఫు పెద్ద పెంచలకృష్ణే వెతికి వెతికి చూపించాడు. ఇదిగో హాల్లో సిమెంటు పగులు, ఇదిగో పుచ్చిన దూలం, ఇక్కడ వానాకాలమంతా బక్కెట్టు పెడతాం, ఈ గోడ చూడండి ఉప్పు పొంగి పెచ్చులు లేస్తోంది. బిందు అన్నీ రాసుకుంది. కామాక్షి వంటింట్లో పులుసు దించుతూ ప్రతి మాటా విన్నది. తను రోజూ తుడిచే ఒంటి మీద మచ్చలన్నీ వేలెత్తి చూపిస్తున్నట్టు ఆమెకు సిగ్గేసింది, వెంటనే కోపమొచ్చింది.

భోజనానికి చేతులు కడుక్కోడానికి బిందు వంటింట్లోకి వచ్చింది. చెంబందుకుని, అలవాటుగా పైకి చూసి, అట్లాగే నిలబడిపోయింది. చేతుల మీంచి నీళ్లు కారుతున్నా పట్టించుకోలేదు.

“ఇక్కడ కారదా అక్కా?”

“కారదు.”

“ఎప్పట్నుంచి?”

“నేనొచ్చినాక ఎప్పుడూ కారలా. అంతకు ముందు సంగతి మా అత్తకి తెలియాల.”

బిందు స్టూలు ఎక్కి సుత్తితో దూలం తట్టింది. పొగచూరి నల్లగా ఉన్న ఆ తాటి దూలం ఇనుములా పలికింది. “వీటికి చెద పట్టలేదంటే ఈ పొగ వల్లే. నూటముప్పై ఏళ్ల పొగ” అంది మెల్లగా. ఆ మాట విని కామాక్షి గరిటె పక్కన పెట్టి తనూ పైకి చూసింది. ఆమె కళ్లనీ ఊపిరితిత్తుల్నీ తిన్న పొగ దూలాల్ని కాపాడిందట. దూలాల గురించైనా ఒకరు అడిగారు. ముందు ఆ కాస్త సంతోషం కలిగింది. తర్వాత, మనిషి గురించి ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు గదా అనే బాధ దాన్ని తరుముకుంటూ వచ్చింది.

బిందు అన్నం మాట మరిచి మిద్దె ఎక్కింది. కామాక్షి కూడా ఎక్కింది. వెనకే పెంచలకృష్ణ కంగారుగా వచ్చాడు. “అది వంటిల్లేనమ్మా, రిపోర్టులోకి అక్కర్లేదు” అన్నాడు.

“మీ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నది ఇదొక్కటే సార్” అంది బిందు. “అదే ఇటుక, అదే సున్నం, అదే వయసు. తేడా ఒక్కటే, దీని మీద మీరు సిమెంటు పోయలేదు. సున్నం గోడలు తడిని పీల్చి వదిలేస్తాయి. సిమెంటు మూతేసింది. పగుళ్లలోంచి లోపలికి పోయిన నీళ్లకు బయటికి దారి లేదు, దూలాలు కుళ్లిపోయాయి. ఈ వంటింటిని ఎవరు చూసుకున్నారు?”

పెంచలకృష్ణ కాలువ వైపు చూశాడు. “దాన్నెవురు పట్టించుకున్నారమ్మా” అన్నాడు.

“నేను” అంది కామాక్షి.

కూల్చాలని తను రాయనని బిందు చెప్పేసింది. గోడలు గట్టిగా ఉన్నాయి, సిమెంటు తీసేసి కుళ్లిన దూలాలు మార్చి పాత పద్ధతిలో సున్నం పోసి కొడితే ఇంకో వందేళ్లుంటుంది, కానీ ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు దొరకడం లేదు అంది. పెంచలకృష్ణకు ప్రాణం లేచొచ్చింది. “అదే గదమ్మా, యాడుండారు అట్టాంటోళ్లు?” అన్నాడు. కామాక్షి మెట్లు దిగి అందరికీ వడ్డించింది. బిందు పులుసు రెండుసార్లు వేయించుకుంది.

వారం తిరక్కముందే హజరత్తయ్య గూడూరు నుంచి దిగాడు. నెల్లూరులో ఇంకో ఇంజినీరు దొరికాడు, అడిగినట్టు రాసిచ్చాడు. కాగితాలన్నీ హాల్లో బల్ల మీద పరిచి, “కామాక్షమ్మా, ఈడ ఒక సంతకం పెట్టమ్మా. వంటిల్లు నీ పేరున ఉండాది గదా, పేరుకే అయినా వాళ్లు అడగతా ఉండారు” అన్నాడు.

కామాక్షి తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. పెన్ను భర్తే అందించాడు. పెన్ను తీసుకుంది కూడా. పేరుకే. అత్తకూ పేరుకే, తనకూ పేరుకే. ముత్తవ్వకు అదీ లేదు. వయసంతా పోసి నిలబెట్టుకున్న ఇల్లు, పుట్టింటి వాళ్లొచ్చినా రెండు రోజులు కూర్చోబెట్టి మాట్లాడే తీరిక ఇవ్వని ఇల్లు, విసిగి వేసారి తిట్టుకున్న ఇల్లు. అయినా ఇందులో ఎక్కడ తడితే ఏ శబ్దం వస్తుందో తెలిసింది తనకే. ఇరవై నాలుగేళ్లలో ఆమె నేర్చిన చదువు ఇది. దీన్ని పడగొట్టి గోడౌను కడితే ఆ చదువు ఎందుకూ కొరగాదు, తనకేమీ రాదని వాళ్లన్న మాటే చివరికి నిజమవుతుంది. ఆమెకు భయం వేసింది. భయంతోనే పెన్ను బల్ల మీద పెట్టేసింది.

“పేరుకేనని మీరే అంటా ఉండారు బావగారూ. నాకుండేది ఆ పేరొకటే. అది గూడా ఇచ్చేస్తే నా దగ్గరేముంటది?”

“నువ్వు మాట్లాడబాకు” అన్నాడు పెంచలకృష్ణ. ఇంట్లో ఎక్కువగా వినిపించే మాట అదే.

“మాట్లాడనులే. ఈ హాలు మిద్దె నాకొదలండి. నేను కొట్టిస్తా. ఈ వానలకు ఒక్క చుక్క కారితే నేనే వచ్చి సంతకం పెడతా. కారకపోతే ఇల్లు ఇట్టనే ఉంటది.”

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోడౌను వాళ్లు జనవరి దాకా ఆగుతామన్నారు. ఆడదాని పంతం ఎన్నాళ్లు, వానొస్తే అదే దిగొస్తుంది అనుకుని హజరత్తయ్య సరేనన్నాడు.

మాలకొండమ్మను వెతుక్కుంటూ కామాక్షి బస్సెక్కి వెళ్లింది. ముసలామె ఎండు చేపలు తిరగేస్తూ విని, “నా చెక్క పొయ్యిలో పెడదామని నాలుగుసార్లు అనుకున్నా. ఎందుకో పెట్టలా” అంది. చెయ్యి తిరిగినవాళ్లు నలుగురే మిగిలారు. ఇంకో ఎనిమిది మందిని పోగేసి పని నేర్పారు. కామాక్షి ఫోను చేస్తే బిందు వాళ్ల సంస్థ, ఈ పనిని ఫోటోలు తీసి రాసుకోనిస్తే చాలు ఖర్చు తామే చూసుకుంటామంది. సిమెంటు పెచ్చులు ఒలిచారు, దూలాలు మార్చారు, ఇటుక పేర్చారు, సున్నం పోశారు. అక్టోబరు మొదటి వారంలో పన్నెండు మంది ఆడవాళ్లు రెండు వరసలుగా ఎదురెదురు కూర్చుని కొట్టడం మొదలుపెట్టారు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. కూర వేళకు కాలేదని పెంచలకృష్ణ సణిగాడు. రెండో రోజు సణుగుడు వినేవాళ్లే లేక మానేశాడు. కామాక్షి అరచేతులు బొబ్బలెక్కాయి. మూడు రోజులైనా దబ్బు దబ్బుమనే శబ్దమే. ఆమెకు ధైర్యం జారిపోయింది. “తప్పు చేసినానేమో అవ్వా” అంది. “పలకని దానితో తొందరపడితే ఎట్టమ్మా? నువ్వు పలికేదానికి ఎన్నేళ్లు పట్టింది?” అంది మాలకొండమ్మ. నాలుగో రోజు ఎండ వాలేవేళ కామాక్షి చెక్క ఎగిరి తిరిగొచ్చింది. టంగుమంది. పక్కన ఇంకొకరిది, ఆ పక్కన ఇంకొకరిది. మాలకొండమ్మ వంగి మిద్దెకు చెవి ఆనించి, బోసినోటితో నవ్వింది. కామాక్షి అందరి ముందూ ఏడ్చేసింది. ఆ రోజు కళ్లు కారడానికి పొగ కారణం కాదు.

నవంబరులో వాయుగుండం పట్టింది. తీరమంతా మూడు రోజులు ఒకటే వాన. ఉప్పు కాలువ గట్టు తాకి పారింది. రెండో రోజు పొద్దున హజరత్తయ్య గొడుగు వేసుకుని మరీ వచ్చాడు, సంతకం కాగితాలు జేబులోనే ఉన్నాయి. నడిమి హాల్లో కుర్చీ వేయించుకుని పైకి చూస్తూ కూర్చున్నాడు. తిన్నా అక్కడే, కునికినా అక్కడే. కామాక్షి తన పని తను చేసుకుంటోంది గానీ, చెవులు రెండూ హాల్లోనే ఉన్నాయి. రెండు దాటాక ఆయన ఉన్నట్టుండి లేచి, “పడింది. చుక్క పడింది” అన్నాడు. బట్టతల తడుముకుని తడి వేళ్లు చూపించాడు.

కామాక్షి చేతిలో పని వదిలేసి హాల్లోకి వచ్చింది. పెంచలకృష్ణ పరుగెత్తుకొచ్చాడు. ముగ్గురూ పైకి చూశారు. ఇంకో చుక్క పడింది. అది మిద్దెది కాదు. ఇందాక పెరట్లోకి వెళ్లొచ్చినప్పుడు ఆయన తడి గొడుగును కుర్చీ పైనున్న కొక్కేనికి తగిలించాడు, అక్కడి నుంచి చుక్క చుక్కగా కారుతోంది. కామాక్షి వెళ్లి గొడుగు తీసి వసారాలో పెట్టి వచ్చింది. తువ్వాలు తెచ్చి ఇచ్చింది. “తుడుచుకోండి బావగారూ, జలుబు చేస్తాది” అంది. మొదట పెంచలకృష్ణే ఫక్కున నవ్వాడు. నవ్వి, అన్నను చూసి ఆపుకోబోయి, ఆపుకోలేకపోయాడు. కాగితాలు జేబులోనే ఉండగా హజరత్తయ్య సాయంత్రం బస్సుకు గూడూరు వెళ్లిపోయాడు. ఆ వానలు పోయేదాకా హాలు మిద్దె ఒక్క చుక్క కారలేదు.

ఫిబ్రవరిలో మిగతా గదుల మిద్దెలు కొట్టడం మొదలైంది. బిందు కాలేజీ పిల్లల్ని ఆరుగుర్ని పని చూపించడానికి తీసుకొచ్చింది. పెంచలకృష్ణ అరుగు మీద వాళ్లను కూర్చోబెట్టి కథ అందుకున్నాడు. ముత్తాత పడవ దిగాడు, అరుగు మీద కాలు పెట్టాడు. “మరి ఈ మిద్దెలు కొట్టిస్తున్నది ఎవరు సార్?” అని ఒక అమ్మాయి పుస్తకం తెరిచింది.

“మా ఇంటిది.”

“పేరు చెప్పండి సార్, రాసుకోవాలి.”

పెంచలకృష్ణ మిద్దె వైపు చూశాడు. ఆ కథలో ఆడవాళ్ల పేరు చెప్పడం అతనికి అలవాటు లేదు. “కామాక్షి” అన్నాడు, తర్వాత ఇంటిపేరుతో సహా మళ్లీ చెప్పాడు. ఆ అమ్మాయి రాసుకుంది. మిద్దె అంచున సున్నం తట్ట దించుతున్న కామాక్షికి ఆ మాట వినిపించింది. ఆమె తట్ట దించడం ఆపి, ఇంకోసారి అంటాడేమోనని కాసేపు ఆగింది.

అన్నాడు గానీ, వేరే పని మీద. వంటింట్లోకి వెళ్లి అక్కడెవరూ లేకపోవడం చూసి, తలపైకెత్తి, “మే కామాక్షీ, పిల్లలొచ్చి ఎంతసేపయింది, టీ ఏమన్నా పెట్టేదుందా లేదా?” అని కేకేశాడు.

కామాక్షి చెక్క చేతికి తీసుకుని వరసలో కూర్చుంటూ జవాబిచ్చింది.

“వంటింటి మిద్దె కారదులేండి, భయపడకుండా ఆడే నిలబడి మీరే పెట్టండి. మేం పైన పన్నెండు మందిమి ఉండాం, మాకు గూడా.”